ఇంజను బోరుకొచ్చింది: బాగు చేయించాలా, మార్చాలా?

బాపట్ల జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు రామాపురం. తెల్లవారేసరికి వేటకు వెళ్ళిన పడవలు ఒడ్డుకు చేరతాయి. చేపల తట్టలు మోటారు సైకిళ్ళ మీదికి ఎక్కుతాయి. వేటపాలెం, చీరాల, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎండెక్కకముందే సరుకు అమ్ముడుపోవాలి. ఒక్క గంట ఆలస్యమైతే చేప విలువ సగానికి పడిపోతుంది.

ఆ ఊళ్ళో అలా చేపలమ్ముకునే ఒకాయన ఉన్నాడని ఊహించుకుందాం. ఆయన బండి 100 సి.సి. తరగతికి చెందినది. పన్నెండేళ్ళుగా నమ్మకంగా పనిచేసింది. ఈమధ్య మాత్రం తట్టలు కట్టి కాస్త ఎత్తున్న వంతెన ఎక్కాలంటే ఆయాసపడుతోంది. వెనక నీలం పొగ వస్తోంది. వారానికోసారి ఆయిలు పోయాల్సి వస్తోంది. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ కిక్కు నాలుగుసార్లు తొక్కి, "బాబాయ్! ఇంజను బోరుకొచ్చింది. విప్పి చూడాలి" అన్నాడు.

పక్కనే ఉన్న ఒక మిత్రుడు, "విప్పడమెందుకు అన్నా? పాత బండి ఇంజనొకటి ఉందట. ఇది తీసేసి అది బిగించెయ్. ఒక్క రోజులో పని అయిపోతుంది" అన్నాడు. ఇంకొకాయన, "ఆ డబ్బేదో ముందు కట్టి వాయిదాల మీద కొత్త బండే తెచ్చుకో" అన్నాడు.

ముగ్గురూ మూడు దారులు చెప్పారు. ఆయన దగ్గరున్నదేమో కూతురి హాస్టలు ఫీజు కోసం దాచిన డబ్బు. దారి తప్పితే ఆ డబ్బూ పోతుంది, బండీ ఆగుతుంది. ఇప్పుడు ఆయన ఎవరి మాట వినాలి?

ఎవరి మాటా వినకముందు ఇంజను మాట వినాలి. ఇంజను ఎక్కడ, ఎందుకు, ఎంత అరిగిందో తెలిస్తే సమాధానం దానంతటదే బయటపడుతుంది. పదండి, మనం కూడా విప్పి చూద్దాం.

గొట్టంలో పరుగు

ఇంజనులో ముఖ్యమైన భాగం ఒక గుండ్రని గొట్టం. దాన్ని సిలిండరు అంటారు. షెడ్డులో అడిగితే "బ్లాకు" అంటారు. దానిలో పైకీ కిందికీ ఆడే అల్యూమినియం ముక్క పిస్టన్. 1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన హీరో హోండా సి.డి. 100 బండిని ఉదాహరణగా తీసుకుందాం. దాని సిలిండరు లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిస్టన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు కదిలే దూరం 49.5 మిల్లీమీటర్లు. వృత్త వైశాల్యం కట్టి దాన్ని ఈ దూరంతో గుణించండి. సుమారు 97.2 ఘన సెంటీమీటర్లు వస్తుంది. బండి మీద "100 సి.సి." అని చెప్పేది దీన్నే. పాత బుల్లెట్ 350 సిలిండరు వ్యాసం 70, పిస్టన్ కదలిక 90 మిల్లీమీటర్లు. అది ఎన్ని సి.సి. అవుతుందో మీరే కట్టి చూడండి.

పిస్టన్ నాలుగు పనులు చేస్తుంది. ఒకసారి కిందికి దిగి పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. పైకి వచ్చి దాన్ని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వ వేయగానే మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. మళ్ళీ పైకి వస్తూ కాలిన వాయువును బయటకు నెడుతుంది. ఈ పద్ధతిలో నడిచే ఇంజనును జర్మనీలో నికొలాస్ ఆటో 1876లో తయారు చేశాడు. ఈనాటి మోటారు సైకిళ్ళలో ఎక్కువ భాగం ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

పిస్టన్ ఎంత పరుగెడుతుందో తెలుసా? ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో చుట్టుకు పిస్టన్ ఒకసారి దిగి, ఒకసారి ఎక్కుతుంది. అంటే 99 మిల్లీమీటర్లు. 5000 చుట్లకు 495 మీటర్లు. గంటకు దాదాపు 30 కిలోమీటర్లు! మీరు బండి మీద కదలకుండా కూర్చుని ప్రయాణం చేస్తుంటే, పిస్టన్ మాత్రం ఆ అరచేతి వెడల్పంత గొట్టంలో గంటకు 30 కిలోమీటర్లు నడిచేస్తోందన్నమాట. అంతేకాదు, నిమిషానికి పదివేలసార్లు ఆగి, వెనక్కు తిరుగుతోంది.

అది మోసే బరువు కూడా తక్కువది కాదు. మిశ్రమం మండినప్పుడు లోపలి ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 40 రెట్లు ఉందనుకుందాం. అప్పుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 40 కిలోల బరువు. పిస్టన్ తల వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే 780 కిలోల పైమాటే. మన డెల్టాలో వడ్ల బస్తా 75 కిలోలు గదా. అంటే పది బస్తాల బరువు ఒక్క దెబ్బన మీద పడినట్లు!

రింగులు చేసే మూడు పనులు

సిలిండరు, పిస్టన్ ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుని ఉండకూడదు. వేడెక్కితే అల్యూమినియం పోత ఇనుము కంటె దాదాపు రెట్టింపు సాగుతుంది. సందు లేకపోతే వేడికి పిస్టన్ ఉబ్బి గొట్టంలో బిగుసుకుపోతుంది. "ఇంజను పట్టేసింది", "సీజైంది" అంటారే, అది ఇదే. అందుకని కొద్దిగా సందు వదులుతారు. మరి సందుంటే మండే వాయువు కిందికి జారిపోదా?

జారిపోకుండా ఆపేవే రింగులు. పిస్టన్ చుట్టూ గాడులు తీసి, వాటిలో ఒకచోట తెగి ఉన్న ఉంగరాల్ని అమరుస్తారు. ఉంగరం తెగి ఉండబట్టి అది స్ప్రింగులా విచ్చుకుని గొట్టం గోడను నొక్కి ఉంచుతుంది. ఈ ఉపాయాన్ని ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అనే రైలింజన్ల ఇంజనీరు 1850ల్లో కనిపెట్టాడు. అంతకుముందు ఆవిరి యంత్రాల్లో జనపనారలాంటివి చుట్టి సందు మూసేవారు.

రింగుల పనులు మూడు. మొదటిది, వాయువును ఆపడం. రెండోది, గోడ మీది ఆయిలును పలచని పొరగా గీకి, మిగిలింది కిందికి పంపడం. మూడోది పైకి కనిపించదు: వేడిని దాటించడం. మంట వేడి 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా పిస్టన్ కరగదు. ఎందుకంటే దాని వేడి రింగుల మీదుగా సిలిండరు గోడకు, అక్కడి నుంచి బయటి రెక్కలకు, ఆ రెక్కల నుంచి గాలికి పోతూనే ఉంటుంది. రింగులు అరిగితే ఈ మూడు పనులూ చెడతాయి. బలం తగ్గుతుంది, ఆయిలు పైకెక్కి కాలుతుంది, ఇంజను ఎక్కువ వేడెక్కుతుంది.

గుండ్రటి గొట్టం కోడిగుడ్డు ఆకారమవుతుంది

అరుగుదల గొట్టమంతా ఒకే తీరుగా ఉంటుందని మీరనుకుంటారు. అలా ఉండదు. అన్నిటికంటె ఎక్కువ అరిగేది పై భాగం. కారణం వినండి. పిస్టన్ జోరుగా కదిలేటప్పుడు ఆయిలు పొర మీద తేలుతూ పోతుంది. నీటి మీద జోరుగా పోయే పడవ కొంచెం పైకి లేస్తుంది చూడండి, అలాంటిదే ఇదీ. పై కొసకు చేరి వెనక్కు తిరిగేటప్పుడు పిస్టన్ క్షణకాలం ఆగుతుంది. ఆగగానే ఆయిలు పొర పలచబడుతుంది. సరిగ్గా ఆ చోటే మంట వేడి, వాయువు ఒత్తిడి కూడా ఎక్కువ. లోహం లోహాన్ని రాసుకునేది అక్కడే. కాబట్టి గొట్టం పైన వెడల్పుగా, కింద సన్నంగా తయారవుతుంది.

ఇంకొక వింత ఉంది. పిస్టన్ కింద కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఊగుతూ క్రాంకును తిప్పుతుంది. రాడ్డు ఏటవాలుగా ఉండటంతో పిస్టన్ నేరుగా దిగక ఒక పక్క గోడను నొక్కుతూ దిగుతుంది. ఆ పక్క, దానికి ఎదురు పక్క ఎక్కువ అరుగుతాయి. మిగతా రెండు పక్కలు అంతగా అరగవు. గుండ్రటి రంధ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. రింగు గుండ్రనిది. కోడిగుడ్డు ఆకారపు రంధ్రంలో గుండ్రని రింగు ఎలా ఆనుతుంది? అందుకే అలాంటి గొట్టంలో ఉత్త రింగులు మారిస్తే లాభం లేదు. నాలుగు నెలలు తిరక్కుండానే పొగ మళ్ళీ మొదలవుతుంది.

రామాపురం లాంటి ఊళ్ళో ఇంజనుకు మరో శత్రువు ఉంది. అదే ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని మోస్ అనే శాస్త్రజ్ఞుడి పేరుతో ఉన్న కొలతలో చెబుతారు. అందులో వజ్రం 10. ఇసుకలోని క్వార్ట్జు 7. పోత ఇనుము అంతకంటె బాగా మెత్తన. ఎయిర్ ఫిల్టరు చినిగితే, లేదా శుభ్రం చేయకుండా వదిలేస్తే కంటికి కనిపించని ఇసుక పొడి గాలితోపాటు లోపలికి పోతుంది. ఆయిలుతో కలిసి సానపట్టే ముద్దగా మారుతుంది. పదేళ్ళలో అరగాల్సినది రెండేళ్ళలోనే అరిగిపోవచ్చు. ఇక ఉప్పు గాలి బయటి బోల్టులను, సైలెన్సరును, వైర్ల కొసలను తుప్పు పట్టిస్తుంది. ఇంజను బాగుచేయించేటప్పుడు వీటినీ చూసుకోవాలి.

పొగ ఏం చెబుతుంది?

మంచి వైద్యుడు కోత పెట్టకముందు నాడి చూస్తాడు. మెకానిక్ కూడా అంతే.

నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువై సరిగా కాలడం లేదని అర్థం. అది కార్బురేటరు సంగతి కావచ్చు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు సంగతీ కావచ్చు. ఇంజను విప్పాల్సిన పనే లేదు. చలి ఉదయాన కాసేపు తెల్లగా కనిపించి మాయమయ్యేది నీటి ఆవిరి. దానికి భయపడనక్కరలేదు. నీలం పొగ వస్తే మాత్రం ఆయిలు కాలుతోందన్నమాట.

అయితే ఒక జాగ్రత్త. రాజ్‌దూత్ 175, యెజ్డీ, యమహా ఆర్.ఎక్స్. 100 వంటి పాత బళ్ళు రెండు స్ట్రోకుల ఇంజన్లు. వాటిలో పెట్రోలుతోపాటు కొంత ఆయిలు కూడా కాలడం మామూలే. వాటిని పొగ చూసి మాత్రమే తూచకూడదు.

నాలుగు స్ట్రోకుల బండిలో నీలం పొగ రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అరిగిన రింగుల సందునుంచి ఆయిలు పైకెక్కడం. రెండు, హెడ్డులోని వాల్వు గైడ్లు, సీళ్ళు అరిగి పైనుంచి ఆయిలు కిందికి జారడం. రెండోదైతే హెడ్డు ఒక్కటి బాగుచేయిస్తే చాలు, ఖర్చు తక్కువ. ఏది కారణమో ఎలా తేల్చాలి?

దానికి చక్కని పరీక్ష ఒకటుంది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రానికి ఒత్తిడి కొలిచే గేజి బిగిస్తారు. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొడితే గేజి ఒక అంకె చూపుతుంది. దాన్ని రాసుకుంటారు. తరవాత ఒక చెంచా ఇంజను ఆయిలు ఆ రంధ్రంలో పోసి మళ్ళీ కొడతారు. ఈసారి ఒత్తిడి బాగా పెరిగితే లోపం రింగులు, గొట్టానిది. ఎందుకంటే పోసిన ఆయిలు వాటి సందును కాసేపు మూసింది. ఒత్తిడి పెరగకపోతే లోపం వాల్వులది. ఆయిలు వాటిదాకా పోదు గదా! చూశారా, కారణాలు రెండున్నప్పుడు ఒకదాన్ని మాత్రమే మార్చి ఫలితం చూడటం. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేసేదీ ఇదే, షెడ్డులో మెకానిక్ చేసేదీ ఇదే.

వెంట్రుకంత తేడా

మన చేపలాయన బండికి ఆయిలు పోశాక ఒత్తిడి పెరిగిందనుకుందాం. అంటే బ్లాకు విప్పక తప్పదు. ఇప్పుడు ఎంత అరిగిందో కొలవాలి.

లేత్ వర్క్స్‌లో దీనికి బోరు గేజి ఉంటుంది. అది లేకపోయినా మన లెక్కల పుస్తకం సాయంతో కొలవచ్చు! వృత్తం చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు గదా. తెగిన రింగును గొట్టంలో పెడితే దాని రెండు కొసల మధ్య చిన్న సందు ఉంటుంది. గొట్టం వ్యాసం పెరిగితే చుట్టుకొలత 3.14 రెట్లు పెరుగుతుంది. రింగు పొడవేమో పెరగదు. కాబట్టి ఆ పెరిగినదంతా సందులోనే కనిపిస్తుంది.

అరుగుదల లేని కింది అంచు దగ్గర రింగును పెట్టి, సన్నని రేకుల గేజితో సందు కొలిస్తే 0.20 మిల్లీమీటరు వచ్చిందనుకోండి. అదే రింగును పైన, అరిగిన చోట పెడితే 0.58 వచ్చింది. తేడా 0.38. దీన్ని 3.14తో భాగిస్తే సుమారు 0.12. అంటే గొట్టం వ్యాసం పైన 0.12 మిల్లీమీటరు పెరిగిందన్నమాట. ఇలాంటి చిన్న ఇంజన్లలో సుమారు 0.10 మిల్లీమీటరు దాటితే ఇక ఊరుకోకూడదంటారు. 0.10 మిల్లీమీటరంటే ఎంతో తెలుసా? ఒక లావుపాటి వెంట్రుక మందం. అంత చిన్న తేడాకే ఇంత పెద్ద బండి ఆయాసపడుతోంది!

బోరు వేయడమంటే ఏమిటి?

ఇప్పుడు "బోరుకొచ్చింది" అన్న మాట అర్థమవుతుంది. అరిగిన గొట్టాన్ని మళ్ళీ పూర్వపు కొలతకు తేలేం, పోయిన లోహం పోయిందే. కాని ఇంకొంచెం లోహం తీసి, మళ్ళీ నిఖార్సయిన గుండ్రని గొట్టంగా చేయవచ్చు. ఆ కొత్త వెడల్పుకు సరిపోయే పెద్ద పిస్టన్, రింగులు వేస్తారు. పెద్ద పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల మెట్లలో దొరుకుతాయి. అంటే ఒక బ్లాకును ఒకటి కంటె ఎక్కువసార్లు బతికించవచ్చు.

మన బండికి ఏ మెట్టు కావాలి? 0.25 మెట్టు వేస్తే ఒక్కో పక్క 0.125 మిల్లీమీటరు లోహమే పోతుంది. అరుగుదలంతా ఒకే పక్క ఉండి, దాని మీద లోతైన గీతలు కూడా ఉంటే అవి పూర్తిగా పోవు. అప్పుడు 0.50కి వెళ్ళాలి. అవసరం లేకుండా పెద్ద మెట్టుకు పోతే ముందు ముందు వాడుకోవలసిన మెట్లు తగ్గిపోతాయి. అందుకే మంచి పనివాడు ముందు కొలుస్తాడు, తరవాతే కోస్తాడు. కొత్త పిస్టన్‌ను కూడా ముందే తెప్పించి, దాన్ని కొలిచి, దానికి తగినట్లు బోరు వేస్తాడు.

బోరు వేశాక గొట్టం అద్దంలా నునుపుగా ఉంటే మంచిదని అనుకుంటాం. కాదు! చివర హోనింగ్ అనే పని చేస్తారు. సానరాళ్ళను తిప్పుతూ, పైకీ కిందికీ ఆడిస్తూ గోడమీద ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు పెడతారు. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది. రింగు, గోడ ఒకదానికొకటి అలవాటు పడటానికీ అవి సాయపడతాయి. అద్దంలాంటి గోడ మీద ఆయిలు నిలవదు.

నిజమైన గుండ్రని గొట్టం చేయడం ఒకప్పుడు మహా కష్టమైన పని. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం గురించి మీరు చదివే ఉంటారు. ఆయన ఊహ గొప్పదే గాని, దానికి తగిన సిలిండరు చేసిపెట్టేవాడు చాలా ఏళ్ళు దొరకలేదు. సందులనుంచి ఆవిరి జారిపోయేది. ఫిరంగి గొట్టాలు తొలిచే పనిలో ఆరితేరిన జాన్ విల్కిన్సన్ 1775 ప్రాంతంలో సిలిండర్లు తొలిచే యంత్రం తయారు చేశాకే వాట్ యంత్రం కుదురుకుంది. అంత పెద్ద సిలిండరులో ఒక నాణెం మందం కూడా తేడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ సంబరపడ్డాడు. ఈనాడు మన ఊళ్ళ లేత్ వర్క్స్‌లో మిల్లీమీటరులో నూరో వంతు దాకా చూసి బోరు వేస్తున్నారు. ఆ పనివాళ్ళ నైపుణ్యం సామాన్యమైనది కాదు.

బోరు అన్ని రోగాలకూ మందు కాదు

బోరు వేసి, పిస్టన్ మార్చి, వాల్వులు సాన పట్టిస్తే పై భాగం కొత్తదైనట్లే. మరి కింది భాగం? క్రాంకు బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు పెద్ద కొస అరిగి ఉంటే లోపలనుంచి "టక్ టక్" మని శబ్దం వస్తుంది. రాడ్డును పైకీ కిందికీ లాగి చూస్తే ఆట తెలుస్తుంది. దాన్ని వదిలేసి పైన మాత్రమే బాగుచేస్తే, కొత్త పిస్టన్ ఇచ్చే బలానికి ఆ అరిగిన బేరింగు త్వరగా పోతుంది. కూలే గోడకు సున్నం కొట్టినట్లే.

ఇంజను పెట్టె పగిలినా, బేరింగులు కూర్చునే చోట్లు లూజయినా ఖర్చు చాలా పెరుగుతుంది. కొన్ని బళ్ళలో సిలిండరు గోడకు నికెల్‌తో గట్టి పూత పూస్తారు. వాటికి మామూలుగా బోరు వేయరు. బ్లాకునే మార్చాలి. సామాను దొరకడం ఇంకో సమస్య. మైసూరులో యెజ్డీ బళ్ళ తయారీ 1996లో ఆగిపోయింది. అలాంటి పాత బళ్ళకు పిస్టన్ కోసం ఊళ్ళు తిరగాల్సి రావచ్చు. బుల్లెట్ సంగతి వేరు. మద్రాసులో 1955లో మొదలైన ఆ బండి వంశం తెగిపోలేదు, కాబట్టి ఆ పని తెలిసినవాళ్ళు, సామాను అమ్మేవాళ్ళు మిగిలారు.

ఇక లెక్క వేద్దాం

చేపలాయన ముందున్న దారుల్ని లెక్కలో పెడదాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి మనం వేసుకున్న అంకెలు మాత్రమే. మీ ఊరి ధరలు మీరు కనుక్కుని వేయాలి.

మొదటి దారి: ఇంజను పూర్తిగా బాగుచేయించడం. ఖర్చు 9,000 రూపాయలు. పని నాలుగు రోజులు. బండి లేక రోజుకు 400 చొప్పున పోయే రాబడి 1,600. మొత్తం 10,600. ఆ తరవాత 40,000 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు 26.5 పైసలు.

రెండో దారి: పాత ఇంజను కొని బిగించడం. ఖర్చు 7,000. ఒక రోజు రాబడి 400. మొత్తం 7,400. లోపల ఎంత అరిగిందో తెలియదు గనక 15,000 కిలోమీటర్లే లెక్క వేద్దాం. కిలోమీటరుకు సుమారు 49 పైసలు.

మూడో దారి: కంపెనీ కొత్త ఇంజను బిగించడం. ఖర్చు 30,000, ఒక రోజు రాబడి 400. మొత్తం 30,400. 80,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 38 పైసలు.

పైకి చవకగా కనిపించిన పాత ఇంజనే అన్నిటికంటె ఖరీదైనదని తేలింది! అయితే తొందరపడకండి. విప్పి చూస్తే క్రాంకు, ఇంజను పెట్టె కూడా పాడై, బాగుచేతకు ఇంకో 10,000 అవుతుందని తేలిందనుకోండి. మొదటి దారి ఖర్చు 20,600 అవుతుంది. కిలోమీటరుకు 51.5 పైసలు. ఇప్పుడు కొత్త ఇంజనే నయం. చూశారా, ప్రశ్న ఒకటే, సమాధానం మాత్రం లోపలి అరుగుదలను బట్టి తిరగబడింది. అందుకే విప్పి కొలిచి, ఖర్చు కాగితం మీద రాయించుకోకముందు "బాగుచేయించు" అనీ అనకూడదు, "మార్చెయ్" అనీ అనకూడదు.

కొత్త బండి మాట? ఇంజను బాగున్నా ఫ్రేము తుప్పుపట్టి, చక్రాలు, బ్రేకులు, వైర్లు అన్నీ పోయే దశలో ఉంటే మంచి ఇంజను వేయడం వృథా. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. తరవాత తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. మన బండికి పన్నెండేళ్ళు నిండాయి గదా, ఆ సంగతీ చూసుకోవాలి.

ఇంజను మార్చేవారు మరచిపోకూడని విషయం ఇంకొకటుంది. ప్రతి ఇంజను మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. అదే నంబరు ఆర్.సి.లోనూ ఉంటుంది. ఇంజను మారిస్తే రవాణా శాఖ అనుమతితో ఆ మార్పును నమోదు చేయించాలి. బిల్లు లేని పాత ఇంజను దొంగసొత్తు కూడా కావచ్చు. దారిలో తనిఖీ జరిగితే చేపల తట్టలతో సహా బండి పోలీసు స్టేషనులో ఉంటుంది. బ్లాకుకు బోరు వేయిస్తే ఈ చిక్కు లేదు. ఇంజను పెట్టె మారదు గనక నంబరూ మారదు.

దేశానికీ ఇందులో లాభముంది. పూర్తిగా మార్చిన పాత ఇంజను తుక్కులోకి పోతుంది. తుక్కు అల్యూమినియాన్ని కరిగించి వాడుకోవచ్చు. ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే శక్తిలో దానికి ఇరవయ్యో వంతు చాలు. కాని కరిగించకుండానే, వెంట్రుకంత లోహం గీకి అదే భాగాన్ని మళ్ళీ వాడుకుంటే అంతకంటె పొదుపు కాదా?

బోరు వేశాక

చివరికి మన చేపలాయన బండికి కింది భాగం బాగుందని, ఫ్రేము గట్టిగానే ఉందని తేలింది. ఆయన 0.50 బోరు వేయించి, వాల్వులు సాన పట్టించి, సీళ్ళు, ఎయిర్ ఫిల్టరు మార్పించాడనుకుందాం. మెకానిక్ బండి అప్పగిస్తూ, "బాబాయ్! కొన్నాళ్ళు బరువు తగ్గించు, మరీ జోరుగా తోలకు. ఆయిలు తొందరగా మార్చెయ్" అని చెబుతాడు. ఈ మాటలో శాస్త్రముంది. కొత్త రింగులు, కొత్త గోడ ఇంకా ఒకదానికొకటి అలవాటు పడలేదు. మొదట్లో రాలే సన్నని లోహపు పొడి ఆయిలులో కలుస్తుంది. ఆ ఆయిలును త్వరగా మార్చకపోతే అదే సానముద్దయి కొత్త గోడను గీరుతుంది.

ఇసుక ఊళ్ళో ఉన్నాడు గనక ఎయిర్ ఫిల్టరును మరింత తరచుగా చూసుకోవాలి. కొద్ది రూపాయల ఫిల్టరు వేల రూపాయల బోరును కాపాడుతుంది. హాస్టలు ఫీజు డబ్బులో కొంత ఖర్చయినా, తెల్లవారు జామున బండి మళ్ళీ ఒక్క కిక్కుకే లేచి వంతెన ఎక్కుతుంది. ఖర్చయిన డబ్బును ఆ బండే తిరిగి సంపాదించిపెడుతుంది.

చేసి చూడండి

1. పాత సైకిలు పంపు తీసుకోండి. దాని లోపలి తోలు వాషరు ఎండిపోయి ఉంటే పంపు గాలి కొట్టదు. వాషరుకు నాలుగు చుక్కల కొబ్బరినూనె రాసి మళ్ళీ కొట్టండి. గాలి వస్తుంది. పైన చెప్పిన చెంచా ఆయిలు పరీక్షకూ దీనికీ పోలిక ఏమిటో మీ నోటుపుస్తకంలో రాయండి.

2. ఒక గ్లాసు చుట్టూ మెత్తని తీగ చుట్టి, కొసలు సరిగ్గా కలిసే చోట కత్తిరించండి. ఆ తీగనే కొంచెం పెద్ద గ్లాసు చుట్టూ పెట్టి, కొసల మధ్య సందు కొలవండి. దాన్ని 3.14తో భాగించండి. రెండు గ్లాసుల వ్యాసాల తేడా వస్తుందా?

3. మీ ఇంట్లో బండి ఉంటే పెద్దవాళ్ళను వెంటపెట్టుకుని ఆయిలు మట్టం చూడండి. ఇంజను చల్లారాకే ముట్టుకోవాలి. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం.

ఆలోచించండి

1. 50 మిల్లీమీటర్ల బోరును 51కి పెంచితే ఇంజను ఎన్ని సి.సి. అవుతుంది? బండి బలం అందుకు తగినట్లు ఎంతో పెరుగుతుందనుకోవచ్చా?

2. ఒక బండి నీలం పొగ వదులుతోంది. చెంచా ఆయిలు పోసినా ఒత్తిడి పెరగలేదు. బోరు వేయించమని సలహా ఇస్తారా? ఎందుకు?

3. మన లెక్కలో పాత ఇంజను ఎన్ని కిలోమీటర్లు నడిస్తే, అది మొదటి దారితో సమానమవుతుంది?